కారణం గడి

ఫ్యాను వేస్తే వార్తలు ఎగిరిపోతాయి. అందుకని ఏప్రిల్ ఎండల్లో కూడా ముత్యం ఫ్యాను బందు పెట్టుకొనే కూర్చునేవాడు. కరీంనగర్‌లో ఎప్పుడో మూతపడ్డ ఒక ట్యుటోరియల్ పై అంతస్తు గది అది. బెంచీల మీద వరుసగా పేపరు కత్తిరింపులు, ఒక్కోదాని మీద ఒక్కో గ్రానైటు ముక్క. నల్లబల్ల మీద లెక్కల సారు సగం చెరిపి వదిలిపోయిన లెక్క ఇంకా అట్లాగే ఉంది. పొద్దున తొమ్మిదింటికి తాళం తీస్తే సాయంత్రం ఐదింటికి వేసేదాకా ఆ గదిలో మరో మనిషి అలికిడి ఉండదు. కత్తెర చప్పుడు, జిగురు వాసన, చెమట. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పినప్పుడు మాత్రం ఎదురుగా ఎవరో ఉన్నట్టు "తిందాం మరి" అనేవాడు.

ఇరవై మూడేళ్లు ఆయన హుజూరాబాద్ దిక్కు ఒక మండలానికి విలేకరి. వార్త పడుతుంది గాని కింద పేరు పడని విలేకరి. కరోనా ఏడాది పత్రికవాళ్లు జిల్లా పేజీలు కుదించి, ఇక వార్తలు పంపొద్దన్నారు. భార్య అనసూర్య అంతకు రెండేళ్ల ముందే పోయింది. పిల్లల్లేరు. ఇంట్లో మిగిలినవి మూడు ఇనుప సందుకలు. వాటి నిండా తను రాసినవీ, చుట్టుపక్కల మండలాల వాళ్లు రాసినవీ, ఏళ్ల తరబడి కత్తిరించి దాచిన జిల్లా వార్తలు. పారేయబుద్ధి కాలేదు, అంతే.

ఆ సందుకల సంగతి ఆ నోటా ఈ నోటా విని వెతుక్కుంటూ వచ్చింది అంబ్రీన్. కరీంనగర్ పిల్లే, హైదరాబాద్‌లో పరిశోధన చేస్తోంది. జిల్లా పేజీల్లో ఆడవాళ్ల మరణాలు ఎట్లా వార్తలయ్యాయి అన్నది వాళ్ల ప్రాజెక్టు. సందుకలు తీసుకుపోదామని వచ్చిన పిల్ల, వాటితో పాటు మనిషిని కూడా పనిలో పెట్టుకుంది. ఒక్కో కత్తిరింపును తెల్లకాగితం మీద అతికించాలి, నంబరు వేయాలి, కంప్యూటరులో గడులు నింపాలి. తేదీ, పేజీ, ఊరు, వయసు, శీర్షిక. చివరి గడి కారణం. అందులో అక్షరాలు రాయొద్దు, అంకె వేయాలి. అప్పులైతే ఒకటి, ఇంటి గొడవలైతే రెండు, మనస్తాపమైతే మూడు, అనారోగ్యమైతే నాలుగు.

"ఒక్క ముచ్చట యాదికుంచుకోండి అంకుల్," అన్నది మొదటిరోజే. "పేపర్ల ఏమున్నదో గదే ఎక్కియ్యాలె. మీకు తెలిసింది వద్దు. మీరనుకునేది అసల్కే వద్దు."

ముత్యానికి ఆ మాట ప్రాణానికి హాయిగా తగిలింది. ఇరవై మూడేళ్లు ఆయన బతికింది ఆ పద్ధతిలోనే.

పని మొదలైన రెండు నెలలకు నాలుగుల వరుస పొడుగైంది. కడుపునొప్పి భరించలేక వివాహిత ఆత్మహత్య. నాలుగు. కడుపునొప్పి తాళలేక యువతి బలవన్మరణం. నాలుగు. తీవ్ర కడుపునొప్పితో జీవితంపై విరక్తి చెంది. నాలుగు.

కడుపునొప్పి అంటే ఏమిటో ఎస్సైకి తెలుసు, పంచనామాలో సంతకం పెట్టే పెద్దమనుషులకు తెలుసు, వార్త రాసేవాడికి తెలుసు. ఆ మాట రాస్తే కేసు అక్కడితో ముగిసిపోతుంది. అత్తగారింటివాళ్లకు బాధ లేదు. తల్లిగారింటివాళ్లకు నలుగురిలో తల వంచుకునే పని లేదు. నొప్పి ఎవరి తప్పూ కాదు గదా. ఎక్స్‌రేలో కనబడదు, పోయిన మనిషి లేచి వచ్చి లేదనదు. ఊరందరికీ సరిపోయే మాట. ఒక్క ఆ పోయిన మనిషికి తప్ప.

తొమ్మిది వందల పదకొండో నంబరు కత్తిరింపుకు కూడా నాలుగు వేసి, దాని మీద ముత్యం గ్రానైటు ముక్క పెట్టాడు. మూడు వారాలుగా దాన్ని ఎత్తలేదు. రెండువేల రెండు, ఆగస్టు. నాలుగే వాక్యాలు. మొగిలివాగు గ్రామానికి చెందిన కోమల, ఇరవై నాలుగు, కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతోంది. ఎన్ని ఆస్పత్రులు తిరిగినా నయం కాలేదు. జీవితంపై విరక్తి చెంది ఆత్మహత్యకు పాల్పడినట్టు పోలీసుల కథనం. మృతురాలికి భర్త పరశురాములు, రెండేళ్ల కూతురు ఉన్నారు.

కోమల ముత్యానికి చెల్లె. ఆ నాలుగు వాక్యాలు రాసింది ముత్యమే.

ఆ రోజు ఎస్సై జీపు దగ్గరికి పిలిచి, "మీ చెల్లె కద ముత్యం, ఏం రాద్దామంటవ్?" అని అడిగాడు. అంతకు కాసేపటి ముందే తల్లి కిష్టవ్వ ఆయన చేయి పట్టి గోడ చాటుకు గుంజింది. "కడుపునొప్పని రాయి కొడుకా. ఎనుక నీ చిన్న చెల్లె జమున పెండ్లికున్నది. పోయినదైతే రాదాయె," అన్నది. ముత్యం ఎస్సైకి అదే చెప్పాడు. ఎస్సై రాసుకున్నాడు. ఎస్సై రాసుకున్నదాన్ని మళ్లీ ముత్యం పత్రికకు రాశాడు. చెప్పింది తనే, పోలీసుల కథనం అని రాసుకున్నదీ తనే. ఎన్ని ఆస్పత్రులు తిరిగినా నయం కాలేదన్న వాక్యం మాత్రం ఎవరూ చెప్పలేదు. వార్త బోసిగా ఉందనిపించి ఆయనే చేర్చాడు.

శనివారం అంబ్రీన్ వచ్చింది. బురఖా మీద దుమ్ము దులుపుకుంటూనే ల్యాప్‌టాప్ తెరిచింది.

"అంకుల్, ఇటు జూడుర్రి. మీరెక్కిచ్చినయన్నీ మా గైడు సారు మ్యాపు మీద పెట్టిండు. పరేషాన్ అయితరు జూస్తే."

పాత కరీంనగర్ జిల్లా పటం. దాని మీద ఎర్ర చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో కడుపునొప్పి. అక్కడక్కడా చినుకుల్లా ఉన్న చుక్కలు, దక్షిణాన ఒక మూలకు వచ్చేసరికి కుంకుమ భరిణె ఒలికినట్టు ఉన్నాయి.

"గీ ఒక్క మండలంల అరవై ఒకటి అంకుల్! పక్క మండలంల నాలుగే. నీళ్లల్ల ఏమన్న ఉన్నదేమో అంటుండు సారు. వచ్చే నెల బోర్ల నీళ్లు పట్టుకపోయి టెస్టు చేపిస్తరట. దీని మీదనే ఒక అధ్యాయం రాస్తమంటుండు."

ముత్యం ఆ ఎర్రటి మూల మీద వేలు పెట్టాడు. అది ఆయన మండలం. పక్క మండలం విలేకరికి మనస్తాపం అన్న మాట మీద మోజు. అక్కడి ఆడవాళ్లంతా మనస్తాపంతో పోయారు, ఇక్కడివాళ్లు కడుపునొప్పితో పోయారు. మధ్యలో ఉన్నది ఒక కాలువ. ఆ నీళ్లే ఇటూ తాగారు, అటూ తాగారు.

"ఏమైంది అంకుల్, మాట్లాడ్తలేరు?"

"ఏం లేదు బిడ్డా. ఉడుకపోస్తంది."

"ఫ్యానన్న ఏసుకోరాదు జరసేపు!"

"ఎగిరిపోతయ్," అన్నాడు.

అంబ్రీన్ ల్యాప్‌టాప్ మూసుకొని వెళ్లిపోయింది. చెబుదామని నోటిదాకా వచ్చిన మాట మళ్లీ లోపలికే పోయింది. చెబితే అరవై ఒక్కటీ చెప్పాలి. అరవై ఒకటిలో కోమల ఒకటి. ఇంతలో ఫోను మోగింది. నస్పూర్ నుంచి వందన. కోమల కూతురు.

"మామా, సోమారం కరీంనగర్ వస్తున్న. స్కానింగు రాసిండ్రు."

"మల్లనా? మొన్న సంక్రాంతి ముందటనే తీపిచ్చుకుంటివి గద."

"మల్ల నొప్పి లేస్తంది మామా. నువ్వు సుత దవాఖానకు రా. బాపుకు డ్యూటీ ఉన్నది."

కోమల పోయాక పరశురాములుకు బొగ్గుబావిలో పని దొరికింది. పిల్లను తీసుకొని నస్పూర్ పోయాడు, మరో పెళ్లి చేసుకున్నాడు, పిల్లను మాత్రం చదివించాడు. వందన ఇప్పుడు అక్కడే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. కడుపులో కాస్త కలుక్కుమంటే చాలు, దవాఖానకు పరుగెత్తుతుంది. ఏడాదిన్నరగా ఇదే వరస. మిర్చిబజ్జీ ముట్టదు. ముత్యం ఎన్నోసార్లు నవ్వులాటగా తీసిపారేశాడు. వాళ్లిద్దరూ కలిసేది దవాఖాన వరండాల్లోనే అయింది. ఒకరకంగా ఆ పిల్లకు నొప్పి వచ్చిన రోజే ఆయన మనిషి ముఖం చూసే రోజు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకే సిగ్గుగా ఉండేది.

సోమవారం స్కానింగు అయింది. డాక్టరమ్మ కాగితాలు తిప్పి చూసి, ఏమీ లేదన్నది. గ్యాసు ఉంటే ఉండొచ్చునన్నది. తర్వాత కళ్లద్దాల మీదుగా చూసి అడిగింది.

"ఇంట్ల ఎవరికన్న ఇట్లాంటిది ఉండెనా?"

"మా అమ్మకు ఉండె మేడం," అన్నది వందన వెంటనే, పాఠం అప్పజెప్పినట్టు. "నొప్పి తట్టుకోలేక పానం తీసుకున్నది."

డాక్టరమ్మ కలం ఆగింది. ఇంకో పరీక్ష రాసింది.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నారు ఇద్దరూ. ఎదురుగా టోకెన్ల కిటికీ దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

"ఏం లేదన్నది గద బిడ్డా. ఇగ ఫికర్ ఎందుకు?"

"అమ్మకు సుత ఎన్ని ఆస్పత్రులు తిరిగినా నయం కాలేదట గద మామా."

ముత్యం తల తిప్పి చూశాడు.

"నీకెవలు చెప్పిండ్రు?"

"పేపర్ల ఉన్నది. బాపు పర్సుల ఉంటది ఆ ముక్క. చిన్నప్పటి సంది చదువుతున్న, ఒక్క అక్షరం మర్వలే." వందన చేతిలోని ఫైలును గుండ్రంగా చుట్టింది, విప్పింది. "నాకిప్పుడు ఇరవై నాలుగు మామా. నొప్పి లేసినప్పుడల్ల అనుకుంట, ఇంతేనా, ఇంక ఎక్కువైతదా అని. ఎంత నొప్పైతే రెండేండ్ల పిల్లను ఇడిచిపెట్టి పోతది మనిషి? గంత నొప్పి నాకూ వస్తే?"

తను బోసిగా ఉందని చేర్చిన వాక్యం ఆ పిల్ల కడుపులో చిన్నప్పటి నుంచీ తిరుగుతోంది.

"వందనా, మీ అమ్మకు ఏ నొప్పీ లేకుండె."

"ఏంది?"

"కడుపునొప్పి లేదు. ఏ దవాఖానకూ పోలే. గది నేను రాసింది. ఊకె రాసిన. అందరు గట్లనే రాస్తరు, నేను గట్లనే రాసిన."

వందన ఫైలును బల్ల మీద పెట్టింది. కోపం రావాల్సినంత వెంటనే రాలేదు. మొదట పొట్ట మీద చేయి పెట్టుకుంది, అలవాటు కొద్దీ. తర్వాత ఆ చేయి తీసేసింది.

"మరి ఎందుకు సచ్చిపోయింది?"

ముత్యం టోకెన్ల కిటికీ దిక్కు చూశాడు.

"మామా, నిన్నే. ఎందుకు?"

"నాకు తెల్వదు బిడ్డా."

"తెల్వదా? అన్నవు నువ్వు! పేపర్ల రాసేటోనివి! ఊర్ల ఎవని కోడి పోయినా అడిగి రాస్తవు, నీ చెల్లె ఎందుకు పోయిందో అడగలేదా?"

టోకెన్ల దగ్గరి జనంలో ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. వందన లేచింది. కొత్త పరీక్ష రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలో పెట్టింది.

"తెలిసిననాడు ఫోన్ చెయ్యి. గప్పటిదాక చెయ్యకు."

బస్టాండు దాకా వెనకాలే పోయాడు. మంచిర్యాల బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. కిటికీ పక్కనే కూర్చున్నా ఆ పిల్ల ఇటు చూడలేదు.

మరునాడు అంబ్రీన్‌కు ఫోను చేసి గదికి రమ్మన్నాడు. నిలబడే చెప్పాడు, కూర్చుంటే ఆగిపోతానేమోనని. కడుపునొప్పి అంటే ఏమిటో చెప్పాడు, ఆ ఎర్ర మూల ఎవరి చేతి పనో చెప్పాడు, తొమ్మిది వందల పదకొండు ఎవరిదో చెప్పాడు. ఆమె బెంచీ అంచున కూర్చొని విన్నది.

"యా అల్లా," అన్నది చివరికి. "మీరు నాకు మొదటిరోజే చెప్పాలె గద అంకుల్. మా సారు బోర్ల నీళ్లు పట్టేందుకు సీసలు సుత తెప్పిచ్చిండు!"

"నువ్వే అంటివి గద బిడ్డా, మీకు తెలిసింది వద్దని."

అంబ్రీన్ నవ్వూ కోపమూ రెండూ వచ్చి రెండూ ఆగినట్టు ముఖం పెట్టింది. తర్వాత కంప్యూటరు ముందుకు జరిగి, కారణం గడి పక్కన ఇంకో గడి తెరిచింది. దాని మీద 'విలేకరికి తెలిసింది' అని రాసింది.

"నాలుగులను గట్లనే ఉంచుదాం. అబద్ధమైనా అచ్చయింది గద. గీ కొత్త దాంట్ల మీకు తెలిసింది రాయండి, అరవై ఒక్కటికి. సారుతోని నేను మాట్లాడుత."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీ చెల్లెది ఆఖర్ల రాసినా పర్వాలేదు అంకుల్," అన్నది.

ఆ రోజంతా ముత్యం కొత్త గడి ముందు కూర్చున్నాడు. తనకు అంతా తెలుసుననుకున్నాడు. మొదటి కత్తిరింపు తీశాడు. పేరు గుర్తుంది, ఊరు గుర్తుంది, వానలో సైకిలు మోటారు మీద తను పోయిరావడం గుర్తుంది. కారణం? ఊళ్లో ఏదో అనుకున్నారు. ఎవరన్నారు? గుర్తులేదు. రెండోదానికి మొగుడు తాగుబోతని ఎవరో అన్నారు, అది నిజమో పక్కింటివాళ్ల పాత పగో తేల్చుకోలేదు. మూడోది కడుపునొప్పి కాదని మాత్రం ఖాయంగా తెలుసు. ఏది కాదో తెలుసు. ఏదవునో తెలియదు. సాయంత్రం ఐదయ్యేసరికి అరవై ఒకటిలో ఏడు గడులే నిండాయి. వాటిలోనూ సగం ఊళ్లో అనుకున్నవే.

ఇన్నాళ్లూ తన మౌనంలో పెద్ద రహస్యాలు దాచుకున్నానని లోలోపల ఒక బరువు మోశాడు ముత్యం. మూత తీసి చూస్తే అందులో ఏమీ లేదు. తొమ్మిది వందల పదకొండు ఎదుట గడి తెల్లగా మెరుస్తోంది. తాళం వేసి మెట్లు దిగుతుంటే ఆ రోజు టిఫిన్ డబ్బా విప్పనే లేదని గుర్తొచ్చింది.

తెల్లవారి తొలి బస్సుకు హుజూరాబాద్ పోయి, అక్కడినుంచి ఆటోలో మొగిలివాగులో దిగాడు. పరశురాములు అమ్ముకున్న ఇల్లు ఇప్పుడు రేకుల షెడ్డు అయింది, లోపల ట్రాక్టరు ఉంది. పక్కింటి అరుగు మీద మాత్రం రామవ్వ ఉంది. కోమల కాపురానికి వచ్చిననాటి నుంచి పోయిననాటి దాకా గోడకు అవతలి మనిషి. ముందు చింతపండు కుప్ప పోసుకొని, రాతి మీద పెట్టి కొడుతూ గింజ తీస్తోంది. కళ్ల మీద చేయి అడ్డం పెట్టి చూసింది.

"ఎవలది?"

"నేను రామవ్వా, ముత్యాన్ని. కోమలోళ్ల అన్నను."

"పేపరాయనవా! ఎవలు సచ్చిండ్రని వచ్చినవ్?"

"ఎవలు సావలే అవ్వా."

"మరి సావకుంటె నువ్వెందుకొస్తవ్ మా ఊరికి?"

ముత్యం అరుగు కిందే నిలబడ్డాడు. ఎండ అప్పుడే నెత్తికి తగులుతోంది.

"కోమల సంగతి అడుగుదామని వచ్చిన."

రామవ్వ చేతిలోని సుత్తె పైకి లేచి, కొట్టకుండా మెల్లగా దిగింది.

"ఎన్నేండ్లాయె?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండేండ్లకు సోయొచ్చిందా నీకు? ఆనాడు గీ అరుగు మీదనే కూసుంటివి. చాయ నేనే పోస్తి. తాగితివి, రాసుకుంటివి, లేసి పోతివి. రామవ్వా, గోడ పక్కదానివి, నీకేమన్న ఎర్కనా అని ఒక్క మాటంటివా?"

"అనలే."

"ఎందుకనలే?"

దారంతా బస్సులో వెతుక్కున్న జవాబులేవీ ఆ ముసలిదాని ముందు నిలిచేవి కావని ముత్యానికి తెలిసిపోయింది.

"అడిగితే నువ్వు చెప్తవని," అన్నాడు.

రామవ్వ ఆయనను ఎగాదిగా చూసింది. పక్కకు తిరిగి ఉమ్మింది. తిడుతుందేమోననుకున్నాడు గాని తిట్టలేదు.

"ఇప్పుడేం, మల్ల పేపర్లేస్తరా?"

"లే. బిడ్డ అడుగుతంది. వందన."

"చిన్నపొల్లా? ఎంతున్నది?"

"ఇరవై నాలుగు. సార్ పని చేస్తంది బడిల."

"దాని పొల్ల సారమ్మ అయిందా!" రామవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత అరుగు మీద కుప్పను కొంచెం ఇటు జరిపి, చోటు చేసింది. "కూసో. ఎండల నిలబడి ఎవలను సాధిస్తవ్? రాసుకోవా? కలం తీస్తలేవు?"

"రాసుకోను. నువ్వు చెప్తుంటే ఇంట."

"అయితే సచ్చిన కాడికెల్లి చెప్ప. అది కాపురానికి వచ్చిన కాడికెల్లి చెప్త. శానసేపైతది. పొద్దుగూకుతది. నీకు బస్సు పోతె నాకు ఎర్కలే."

"పోనీ."

"చేతులు ఊకె ఎందుకు, గీ గింజలు తియ్యి." ఒక పిడికెడు చింతపండు ఆయన ఒళ్లో పడేసింది. "పెండ్లయి వచ్చిన తెల్లారి, ఇంక పసుపు బట్టల మీదనే ఉన్నది, గా గోడ మీదికెల్లి తల పెట్టి మీ చెల్లె నన్ను మొట్టమొదలు ఏమడిగిందో ఎర్కనా నీకు?"

ఎరుక లేదు అన్నాడు ముత్యం.